తుపాకులు చెప్పెడు చరిత్ర

1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు నేలకొరిగిన కన్నెగంటి హనుమంతును పిడుగురాళ్ల ప్రాంతమువా రెన్నడును మఱువరు. ఆ యేడే ఆగస్టు 22న మన్యమున అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషనుపై బడి, 11 తుపాకులను, 1390 గుండ్లను గైకొని, తీసికొనిన వాని లెక్కను స్టేషను పుస్తకమున వ్రాసి సంతకము చేసెను. దోపిడికాఁ డెచటనైనను లెక్క వ్రాయునా?

పాత సైనిక తుపాకులను సేకరించువారు వెదకునది యిట్టి లెక్కయే. వంగదేశపు ఇషాపూరు కర్మాగారమున తయారైన తుపాకిపై కిరీటపు ముద్రయు, తయారైన సంవత్సరమును, వరుస సంఖ్యయు నుండును. కొన్నిటి మడమపై ఇత్తడి బిళ్ళ పటాలము పేరు తెలుపును. ముద్రలను దస్త్రములతో సరిపోల్చినచో తుపాకి యెవరి చేత నుండెనో తేలును.

మరమ్మతు చేసినను ప్రయోగింప వీలుకాని పురాతనాయుధములకు 1959 నాటి ఆయుధ చట్టపు 45వ సెక్షను మినహాయింపు నిచ్చినది. ఐనను ప్రైవేటు సేకరణ మాత్రమే చాలదు. ఉత్తరప్రదేశ్ పోలీసుశాఖ 2020లో .303 తుపాకులకు వీడ్కోలు చెప్పినది. ఏ రాష్ట్రమైనను పాత తుపాకులను కరగించుటకు మున్ను వాని సంఖ్యలను, ముద్రలను వ్రాయించి, కొన్నిటిని మ్యూజియముల నుంచవలయును. ఇనుము కరగెనా, సాక్ష్యము కరగినట్లే. అడవిలో పోరాడుచు రాజు వ్రాసిన పాటి లెక్కను కచేరీలలో కూర్చున్న ప్రభుత్వములు వ్రాయలేవా?