ప్రాణం దక్కితే చాలా?

"ప్రాణం దక్కింది, అదే పదివేలు. చదువంటావా, వస్తే వస్తుంది, లేకపోతే లేదు."

మా చెల్లెలి కొడుకు విషయంలో ఈ మాట ఎంతమంది అన్నారో లెక్కలేదు. వాడికి ఆరేళ్లప్పుడు మెదడు వెనక భాగంలో మెడుల్లోబ్లాస్టోమా అనే గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి తీసేశాక ఆరు వారాలు రేడియేషన్ ఇచ్చారు. మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, అదే. ఇప్పుడు వాడికి పదేళ్లు. కబుర్లు బాగానే చెబుతాడు. బోర్డు మీది లెక్క ఎక్కించుకునేలోపే టీచరు చెరిపేస్తుంది. ఇంట్లోవాళ్లు దానికి పెట్టిన పేరు బద్ధకం. చెల్లెలు దిగులుపడితే "బిడ్డ మిగిలాడు కదే, ఇంకా ఏం కావాలి" అంటారు.

నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. బిడ్డ బతకాలని కోరుకున్న తల్లి, ఆ బిడ్డ ఆలోచించగలగాలని కూడా కోరుకుంటే అత్యాశ అవుతుందా?

అసలేం జరుగుతుందో చూడండి. రేడియేషన్ గడ్డ కణాలతో పాటు ఎదుగుతున్న మెదడునీ దెబ్బతీస్తుంది. పిల్లలు వచ్చింది మర్చిపోవడం కన్నా, కొత్తది తోటివాళ్లంత వేగంగా నేర్చుకోలేకపోవడమే ఎక్కువ. అందుకే మొదటి ఏడాది ఏమీ తెలియదు. రెండు మూడేళ్లకు తేడా బయటపడుతుంది. వయసు ఎంత తక్కువైతే దెబ్బ అంత ఎక్కువ. మూడేళ్ల లోపు పిల్లలకు వీలైనంతవరకు ముందు కీమో ఇచ్చి రేడియేషన్ వాయిదా వేసేది ఇందుకే.

"అయితే కరెంటే వద్దు, డోసు తగ్గించమని అడుగుదాం" అనకండి. మామూలు ముప్పు ఉన్న మెడుల్లోబ్లాస్టోమాకి ఒకప్పుడు తలకీ వెన్నుకీ 36 గ్రే ఇచ్చేవాళ్లు. కీమో తోడయ్యాక 23.4 గ్రేకి దించగలిగారు. ఇంకా దించి చూద్దామని అమెరికాలోని చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ మూడు నుంచి ఏడేళ్ల పిల్లల్లో కొందరికి 18 గ్రే మాత్రమే ఇచ్చింది. 2021లో ఫలితాలు వచ్చాయి. 18 గ్రే ఇచ్చిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువైంది. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా తేలింది. చివర్లో ఇచ్చే అదనపు డోసు మెదడు వెనక భాగం అంతటికీ కాకుండా గడ్డ ఉన్న చోటుకే ఇచ్చినా జబ్బు అంతే బాగా అదుపులో ఉంది. అంటే తెలివిని కాపాడటానికి బిడ్డ ప్రాణాన్ని పణంగా పెట్టక్కర్లేదు. ఎక్కడ ఎంత అవసరమో అంతే ఇవ్వమని అడగొచ్చు.

"అవన్నీ డబ్బున్నవాళ్లకి" అనేవాళ్లకూ ఒక మాట. ప్రోటాన్ రేడియేషన్ మన దేశంలో ఉంది. చెన్నైలో అపోలో వాళ్లు 2019లో మొదలుపెట్టారు. అది గడ్డ దగ్గర ఆగిపోతుంది, దాటి అవతలికి పెద్దగా పోదు. అయితే తల మొత్తానికి ఇచ్చేటప్పుడు ప్రోటానైనా మెదడంతటికీ తగులుతుంది. మేలు కనిపించేది గడ్డ చోటుకి ఇచ్చే అదనపు డోసులో, వెన్నుకి ఇచ్చేటప్పుడు గుండె, ఊపిరితిత్తుల్లాంటి అవయవాలను కాపాడటంలో. ప్రోటాన్ కొనలేకపోతే ఇక దారే లేదనుకోకండి. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 2001 నుంచి 2012 దాకా నెమ్మదిగా పెరిగే గడ్డలున్న 200 మంది పిల్లలు, యువకుల మీద పరిశోధన చేశారు. అందరికీ ఒకటే డోసు, 54 గ్రే. కొందరికి మామూలు పద్ధతిలో, కొందరికి గడ్డ ఆకారానికి అతికినట్టు గురిపెట్టి ఇచ్చారు. గురిపెట్టి ఇచ్చినవాళ్లలో ఐదేళ్ల తర్వాత తెలివితేటలు, హార్మోన్లు మెరుగ్గా నిలిచాయి. ఇది ప్రోటాన్‌తో కాదు, మామూలు రేడియేషన్‌తోనే. అది వేరే రకం గడ్డలమీద చేసిందే, ఒప్పుకుంటాను. కానీ మన దేశంలో, మన పిల్లల మీద, తెలివిని కూడా కొలిచి చూశారు కదా. అలా కొలవాలని మనమెందుకు అడగకూడదు?

మా చెల్లెలు అడిగితే "ముందు బిడ్డ బతకనీయమ్మా, అవన్నీ తర్వాత" అన్నారు. తర్వాత అంటే ఎప్పుడు? ప్లానింగ్ అయిపోయి, ముప్పై సిట్టింగులు పూర్తయ్యాక ఏం మార్చగలం? ఆ ప్రశ్నకి సమయం మొదటి సిట్టింగుకి ముందే.

కాబట్టి అక్కచెల్లెళ్లూ, మీకో మీకు తెలిసినవాళ్లకో ఈ కష్టం వస్తే, ఇవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. రేడియేషన్‌కి ముందే పిల్లాడి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచనా వేగం సైకాలజిస్టు చేత పరీక్ష చేయిస్తారా? మొదట ఎంత ఉందో తెలియకపోతే ఎంత తగ్గిందో ఎలా తెలుస్తుంది? జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్‌కి ఎంత డోసు పడుతుంది, తగ్గించే వీలుందా? అదనపు డోసు గడ్డ చోటుకేనా? సిస్‌ప్లాటిన్ ఇస్తే వినికిడి పరీక్షలు ఎప్పుడెప్పుడు? సరిగ్గా వినపడని పిల్లాడూ క్లాసులో మొద్దులాగే కనిపిస్తాడు. థైరాయిడ్, ఎదుగుదల హార్మోన్లు ఎన్నాళ్లకోసారి చూస్తారు?

ఇంటికొచ్చాక బడి ఉండనే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యం ఉన్న విద్యార్థులకు పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు లాంటి సర్దుబాట్లు చెయ్యాలంటోంది. డాక్టరుగారి రిపోర్టు పట్టుకుని వెళ్లి, మీ పిల్లాడికి ఏవి వర్తిస్తాయో అడగండి. అది దయాధర్మం కాదు. పైకి ఏ గాయం కనపడదు కాబట్టి "వీడికేం, బాగానే ఉన్నాడు కదా" అంటారు. రిపోర్టు చూపించి మళ్లీ అడగండి.

ఇక ఇంట్లో బద్ధకం అనే పెద్దవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఆ బిడ్డ ఒక్క లెక్క కోసం పడే కష్టం మనవాళ్లు పది లెక్కలకు కూడా పడరు. సాయం చెయ్యలేకపోతే కనీసం ఆ పేరు పెట్టకండి. తల్లి ఆసుపత్రిలో ప్రశ్న అడుగుతుంటే పక్కన కూర్చుని మోచేత్తో పొడవకండి, అడగనివ్వండి.