గృహిణులు – నూతన విద్యలు: తెరపై ఫోను

దిల్‌సుఖ్‌నగరులో కంప్యూటరు శిక్షణాలయములు పెక్కులు గలవు. 2018 సెప్టెంబరు 24వ తేదీన ఎల్.బి.నగరు మెట్రోరైలు మొదలైన పిమ్మట అమీరుపేట శాలలును మన సోదరీమణులకు దగ్గరయైనవి. అయినను సాఫ్ట్‌వేరు పరీక్ష నేర్వగోరువారి కొక యడ్డంకి కలదు. యాప్‌ను పరీక్షించుటకు పలురకముల ఫోనులు కావలెను. అన్నియు కొనుట సామాన్య సంసారమునకు సాధ్యమా?

దీనికి ఉపాయము ఎమ్యులేటరు; అనగా కంప్యూటరు తెరపై నడచు ఫోను. ఆండ్రాయిడ్ స్టూడియో ఉచితముగా లభించును. అందలి డివైస్ మేనేజరులో ఫోను నమూనాను, ఆండ్రాయిడ్ వెర్షనును ఎంచుకొని, సిస్టమ్ ఇమేజిని దించుకొనినచో ఫోను సిద్ధమగును. కంప్యూటరునకు 16 జీబీ ర్యామ్ ఉండుట మేలు. బయాస్‌లో వర్చువలైజేషన్ తెరువనిచో ఆ ఫోను మొరాయించును.

పిమ్మట భాషను తెలుగునకు మార్చి, అక్షరములను మిక్కిలి పెద్దవి చేసి చూడుడు. డబ్బు చెల్లించు మీట తెర దాటిపోయెనా? చెల్లింపు నడుమ కాల్ వచ్చినట్లు చేసిన నేమగును? చూపు మందగించిన అత్తగారి యిబ్బంది నెరిగిన గృహిణికే యిట్టి లోపములు ముందుగా తట్టును. కెమెరా, బ్యాటరీల సంగతి మాత్రము చేతిలోని నిజమైన ఫోనుపైననే తేల్చుకొనవలెను.