సెలవుకు సంజాయిషీ ఎందుకు?

డిసెంబరు చివరి వారం రాగానే ఆఫీసుల్లో ఒక మాట వినబడుతుంది: "సెలవు తీసుకుని రీచార్జ్ అయి రండి." ఎంతో దయగల మాటే. నాకు మాత్రం వింటే ఒళ్ళు మండుతుంది. రీచార్జ్ చేసేది బ్యాటరీని. అదీ దానిమీద ప్రేమతో కాదు, మళ్ళీ వాడుకోవడానికి. అంటే నా విశ్రాంతి కూడా కంపెనీ పనిలో భాగమేనన్నమాట!

ఇంతకన్నా విచారకరం, మనమూ అలాగే నమ్మడం. 31వ తేదీతో మురిగిపోతాయని మిగిలిన సెలవులన్నీ ఒక్కసారిగా పెడతాం. "సెలవులో ఉన్నాను, అత్యవసరమైతే ఫోను చేయండి" అని సందేశం పెట్టి, ల్యాప్‌టాప్ సంచీతో సహా బయలుదేరతాం. ఐదు రోజుల్లో ఏడు ఊళ్ళు. తిరిగొచ్చాక "విశ్రాంతి దొరికిందా?" అని ఎవరైనా అడిగితే, నడుము పట్టుకుని అవునంటాం.

సెలవు ఎవరో జాలిపడి వేసిన భిక్ష కాదు. బొంబాయి మిల్లు కార్మికులకు 1890లో ఆదివారం సెలవు దక్కింది, నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వాన ఏళ్ళ తరబడి పోరాడాకనే. ఫ్రాన్సులో జీతంతో రెండు వారాల సెలవు వచ్చింది 1936లో, సమ్మెల తరువాత. రోజుకు నాలుగు గంటల పని చాలని బెర్ట్రండ్ రస్సెల్ 1932లోనే వ్యాసం రాశాడు. తొంభై ఏళ్ళు గడిచాక, 2023లో, మన యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు. 2025లో ఎల్ అండ్ టీ అధిపతి 90 దాకా వెళ్ళారు. మరో పెద్దమనిషి 168 అనేస్తే ఈ వేలంపాట ముగుస్తుంది. వారంలో అంతకుమించి గంటలు లేవు.

ఈ సెలవులు ముగిసిన రెండు వారాలకు వచ్చే మన కనుమను చూడండి. ధాన్యం ఇల్లు చేరాక ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో దండలు వేస్తారు. ఆ రోజు కాడి కట్టరు. మర్నాడు మరో ఎకరం ఎక్కువ దున్నుతాయన్న ఆశతో కాదు, ఏడాదంతా చేసిన చాకిరీకి కృతజ్ఞతగా. కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. ఎద్దును అడగని సంజాయిషీ మనిషిని అడగడమేమిటి?

అయితే ఒక సంగతి దాచలేను. కనుమనాడు మినుము తినాలంటారు. ఆ పప్పు నానబోసి, రుబ్బి, గారెలు వండేదెవరు? ఎద్దుకు దొరికిన సెలవు ఇల్లాలికి దొరకలేదు. డిసెంబరు సెలవులూ ఆమెకు అంతే: పిల్లలకు బడి లేదు, మగవారికి ఆఫీసు లేదు, ఇంటినిండా చుట్టాలు, పొయ్యి ఆరేది ఎప్పుడు? వారానికి ఇన్ని గంటలని లెక్కగట్టే పెద్దలెవరూ ఆ గంటలను లెక్కలోకి తీసుకోరు. తమ సెలవు హక్కు గురించి నాలాగా ఆవేశపడే మగవాళ్ళూ తీసుకోరు, పడక్కుర్చీలోంచి రెండో కాఫీ అడుగుతారు.

పెద్దలు కోప్పడతారేమో గానీ, మినుము తినాలన్న నియమం హోటలు వడతో కూడా తీరుతుందని నా వాదన. ఆ వడ వేసినవాడికి మర్నాడు జీతం కోయకుండా సెలవిస్తే మరీ మంచిది.