ఫజర్ తర్వాత బయలుదేరితే ఎదురయ్యేది పొగమంచే: పత్తి, మిర్చి సీజన్‌లో కారు ప్రయాణాలు

గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట వైపు ముస్లిం ఇళ్లలో దూర ప్రయాణం అంటే ఒకటే లెక్క. ఫజర్ నమాజ్ చదువుకుని బండి ఎక్కేయాలి. ఉమ్రాకు వెళ్లే పెద్దవాళ్లను శంషాబాద్ విమానాశ్రయంలో దించాలన్నా, హైదరాబాద్‌లో వలీమాకు వెళ్లాలన్నా, కసుమూరు దర్గాకు వెళ్లాలన్నా ఇదే పద్ధతి. ఎండాకాలంలో ఇది మంచి లెక్కే. డిసెంబర్, జనవరి నెలల్లో మాత్రం తిరగబడుతుంది. ఆ రోజుల్లో ఇక్కడ ఫజర్ వేళ దాదాపు ఐదున్నర, సూర్యోదయం ఆరున్నర దాటాకే. పొగమంచు బాగా చిక్కబడేది సరిగ్గా ఆ సమయంలోనే.

ఉత్తరాదిలా రోజుల తరబడి ఉండే మంచు కాదిది. ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నల్లరేగడి నేల త్వరగా చల్లబడుతుంది. తుఫాను వానల తడి, సాగర్ కాలువల నీరు గాలిలో తేమ పెంచుతాయి. తెల్లవారేసరికి నేలమట్టాన తెర కడుతుంది. పొలాల్లో కంప తగలబెట్టిన పొగ కలిస్తే ఇంకా చిక్కన. అసలు ప్రమాదం ఏమిటంటే ఇది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. రెండు కిలోమీటర్లు రోడ్డు అద్దంలా కనిపిస్తుంది, కాలువ వంతెన దగ్గరకు రాగానే ఏమీ కనపడదు. డ్రైవర్ కాలు అప్పటికి యాక్సిలరేటర్ మీదే ఉంటుంది.

వాతావరణ శాఖ లెక్కలో చూపు 50 మీటర్ల లోపుకు పడిపోతే అది అతి దట్టమైన పొగమంచు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదుట ఏదో ఉందని గుర్తించి బ్రేక్ తొక్కేలోపు, ఒకటిన్నర సెకను అనుకున్నా, 33 మీటర్లు అయిపోతాయి. బ్రేక్ పడ్డాక బండి ఆగడానికి ఇంకో 35, 40 మీటర్లు కావాలి. తడి రోడ్డైతే ఇంకా ఎక్కువ. అంటే 50 మీటర్ల చూపులో 80 మీద నడిపే వాడికి బ్రేకులు ఎంత బాగున్నా లాభం లేదు. అదే 40 మీద అయితే 30 మీటర్ల లోపే ఆగిపోతుంది.

మరి ఆ 50 మీటర్ల అవతల ఏముంటుంది? ఈ ప్రాంతంలో చాలాసార్లు ట్రాక్టరే. ఈ రోజుల్లో పత్తి లోడులు మిల్లులకు, సీసీఐ కొనుగోలు కేంద్రాలకు కదులుతాయి. జనవరి నుంచి మిర్చి టిక్కీల లారీలు గుంటూరు యార్డుకు వరుస కడతాయి. ట్రక్కు రెండు పక్కలా పొంగిపొర్లేలా బోరేలు కట్టి, వెనక లైటు లేకుండా, రోడ్డు మీద సగం ఆక్రమించి వెళ్లే ట్రాక్టర్‌ను మంచులో పోల్చుకోవడం కష్టం. రోడ్డు వారగా ఆపేసిన లారీ అంతకంటే ప్రమాదం. 2025–26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. ఇరవై క్వింటాళ్ల లోడు అంటే రూ.1.62 లక్షల సరుకు. దాని వెనక అంటించే ఎర్ర రేడియం స్టిక్కర్‌కు కొన్ని వందల రూపాయలు చాలు. కొనుగోలు కేంద్రం గేటు దగ్గర, యార్డు గేటు దగ్గర స్టిక్కర్ లేని బండికి అక్కడికక్కడే అంటించి పంపితే సరిపోతుంది. రాత్రిళ్లు పోలీసులు బండ్లు ఆపి చేయించే 'ఫేస్ వాష్ అండ్ గో' నిద్రమత్తుకు మందు. వెనక లైటు లేని ట్రాక్టర్‌కు కాదు.

తెల్లవారుజామున రోడ్డెక్కే ఇంకొకళ్లు కూలీలు. 2023 మేలో దాచేపల్లి దగ్గర పొందుగల వద్ద మిరప పనికి వస్తున్న ఆడవాళ్ల ఆటోను లారీ ఢీకొట్టి పలువురు చనిపోయారు. అప్పుడు మంచు కూడా లేదు. ఆ ఏడాదే జూలై 11 తెల్లవారకముందు, పొదిలి నుంచి కాకినాడకు పెళ్లివారితో వెళ్తున్న అద్దె ఆర్టీసీ బస్సు దర్శి దగ్గర సాగర్ కాలువలో పడి ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇళ్లు మన ఇళ్లే. అది కూడా వానాకాలపు రాత్రి. అదే రోడ్ల మీదకు మంచు తోడైతే ఏమిటన్నది ఈ నెలల ప్రశ్న.

అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు సంగతి వేరే చెప్పాలి. ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి హైదరాబాద్‌కు దగ్గర దారి కాబట్టి అందరూ దీన్నే పడతారు. 2018 ఆగస్టు 29 పొద్దున్నే నల్లగొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ కారు ప్రమాదంలో చనిపోయింది ఈ రోడ్డు మీదే. ఆయనా ఒక పెళ్లికే వెళ్తున్నారు. సీటు బెల్టు పెట్టుకోలేదు. వెనక సీట్లో వాళ్లకూ బెల్టు తప్పనిసరి, లేకపోతే రూ.1,000 జరిమానా. ఏడుగురి బండిలో పదిమంది ఎక్కి, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునే మన పద్ధతిలో బెల్టు ఎవరికి అందుతుంది?

ఇక బండి విషయం. ఎండాకాలం వేడికి దెబ్బతిన్న బ్యాటరీ చలి పొద్దుల్లోనే మొరాయిస్తుంది, ముందే చెక్ చేయించాలి. చలికి టైర్లలో గాలి కొంచెం తగ్గుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే మార్చాల్సిందే. ఎండకు బిరుసెక్కిన వైపర్ రబ్బర్లు, పసుపుపచ్చగా మారిన హెడ్‌లైట్ అద్దాలు చాలామంది పట్టించుకోరు, మంచులో అసలు పని వాటిదే. అద్దం లోపలివైపు ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ నడపడం కాదు, ఏసీ వేసి గాలిని అద్దం మీదకు తిప్పాలి, బయటి గాలి లోపలికి రానివ్వాలి. బయటివైపు పడితే వైపర్ చాలు.

హైబీమ్ వేస్తే వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోకే కొడుతుంది. లోబీమ్, ఫాగ్ ల్యాంపులే వాడాలి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి నడపడం ఇక్కడ ఫ్యాషన్ అయిపోయింది. అలా చేస్తే ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు, ఆగి ఉన్నారో నడుస్తున్నారో కూడా తెలియదు. అవి బండి ఆపినప్పటికే. ఆపాల్సి వస్తే రోడ్డు అంచున కాదు, పూర్తిగా కిందకు, వీలైతే పెట్రోల్ బంకులోకో టోల్ ప్లాజా దగ్గరకో తీసుకెళ్లాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, అంబులెన్స్‌కు 108.

మన ఇళ్లలో ట్యాక్సీ, లారీ డ్రైవర్లు, మెకానిక్‌లు తక్కువేం కాదు. ఈ సంగతులు వాళ్లకు అందరికంటే బాగా తెలుసు. కానీ కారు మాట్లాడుకున్న కుటుంబం "తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి భాయ్" అంటే డ్రైవర్ కాదనలేడు. విమానం రాత్రికి ఉంటే ముందురోజు మధ్యాహ్నమే బయలుదేరి హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో పడుకోవచ్చు. లేదంటే ఫజర్ చదివి, చాయ్ తాగి, ఎనిమిది దాటాక కదలవచ్చు. అప్పటికి చాలా రోజుల్లో ఎండ తగిలి తెర విడిపోతుంది. పోయేది రెండు గంటలే, అది కూడా దారిలో ఎలాగూ 40 మీద పాకాల్సిన రెండు గంటలు.