రోగమొకటి, మందొకటి

మా బావమరిదికి వేగమంటే పిచ్చి. పాతికేళ్ళ నాటి 16 వాల్వుల కారొకటి ముచ్చటపడి కొన్నాడు. మొన్న అనంతగిరి ఘాటురోడ్డు మీద లారీని దాటబోతుండగా అది కాస్తా నీరసించిపోయింది. ఎదురుగా బస్సు! వెనకసీట్లో మా అమ్మాయి. ఎలాగో లారీ వెనక్కి తగ్గి బయటపడ్డాం.

"ఇంజను అరిగింది, విప్పాల్సిందే" అన్నాడొక మెకానిక్కు. ఖర్చు వింటే నా నెల జీతం.

విశాఖలో ఒక ముసలి మేస్త్రి మాత్రం ఇంజను విప్పలేదు. ముందు నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ కొలిచాడు. నాలుగూ ఇంచుమించు సమానం.

"గుండె గట్టిదే బాబూ. తిండే అందటంలేదు" అన్నాడు.

పెట్రోలు గొట్టానికి ప్రెషర్ గేజీ తగిలించాడు. బండి నిలబడినంతసేపూ ముల్లు కదల్లేదు. సింహాచలం కొండ ఎక్కించేసరికి జారిపోయింది. ఫిల్టరు కోసి చూస్తే నిండా తుప్పు! ఏళ్ళ తరబడి షెడ్డులో పడివుండి టాంకీ లోపల తుప్పుపట్టిందిట. ఫిల్టరొక్కటే మారిస్తే కథ మళ్ళీ మొదటికే వస్తుందని టాంకీ కూడా కడిగించాడు. ఇప్పుడు కారు కొండలెక్కుతోంది.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. క్లాసులో వెనకబడ్డ కుర్రాణ్ణి "వీడి బుర్రే అంత" అని ఎన్నిసార్లు తేల్చేశానో! పొద్దున్న ఏమైనా తిని వచ్చావురా అని ఒక్కనాడైనా అడిగానా?