బిందెలు ఆడపడుచుకు, భూమి అన్నదమ్ములకు

పల్లెలో ఇంటి పెద్ద కన్నుమూసి, పెద్దకర్మ ముగిశాక జరిగే పంపకాల తంతు దేశంలో అనేక ప్రాంతాల్లో ఇంచుమించు ఒకే తీరున సాగుతుంది. పెద్దమనుషులు అరుగుమీద చేరతారు. ఇత్తడి బిందెలు, గంగాళం, తల్లి మెడలోని గొలుసు ఆడపిల్లలకు దక్కుతాయి. పొలం, బావి, పశువుల కొట్టం, ఇల్లు మగపిల్లల పరమవుతాయి. హక్కు విడుదల పత్రం మీద ఆడపడుచు వేలిముద్ర వేస్తుంది. దశాబ్దాల పోరాటంతో చట్టం ఇచ్చిన వాటా ఆ ఒక్క ముద్రతో చెల్లిపోతుంది.

తండ్రి స్వార్జితానికి కుమార్తెను వారసురాలిగా 1956నాటి హిందూ వారసత్వ చట్టమే గుర్తించింది. అయితే పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో సంక్రమించే హక్కును మగసంతానానికే పరిమితం చేసింది. మగవారు పంచుకోదలిస్తే తప్ప, కుటుంబం నివసిస్తున్న ఇంట్లో కూతురు వాటా కోరరాదని 23వ సెక్షన్ అడ్డుగోడ కట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5నుంచి కుమార్తెలకు సమాన వాటా కల్పించినా, అప్పటికే పెళ్లయినవారిని మినహాయించింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ హిందూ చట్టంలోని ఈ అడ్డంకులను తొలగించింది. ఆ తేదీనాటికి తండ్రి జీవించి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామన్న వాదనను తేలిగ్గా ఆమోదించరాదనీ స్పష్టం చేసింది.

ఇంత జరిగినా శాసనాల్లో సందులు మిగిలే ఉన్నాయి. పొలానికి వారసుల వరసలో పెళ్లయిన కుమార్తెను ఉత్తరప్రదేశ్ 2006లో చేసిన రెవెన్యూ కోడ్ వెనక్కి నెట్టింది. వ్యవసాయ భూమిని 1937నాటి షరియత్ చట్టం తన పరిధినుంచి తప్పించగా, కొన్ని రాష్ట్రాలు మాత్రమే తరవాత దాన్ని సరిదిద్దుకున్నాయి. శాసనం కన్నా బలమైనది ఆచారం. రాజస్థాన్‌లో అక్కచెల్లెళ్లు వాటా వదులుకోవడాన్ని ‘హక్ త్యాగ్’ అంటూ పుణ్యకార్యంలా చూస్తారు. తెలుగునాట దానికి పేరులేదు గాని పద్ధతి అదే. వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుంటుందన్న భయమే ఆమెచేత సంతకం పెట్టిస్తుంది. మెట్టినింట కష్టం వస్తే తలదాచుకోవడానికి ఆమెకున్న ఏకైక ఆసరా అన్నదమ్ముల ఆదరణే. ఆ ఆసరాకోసం ఆమె చెల్లిస్తున్న మూల్యం తన భూమి.

కట్నం ఇచ్చాం కదా అన్నది అన్నదమ్ముల తిరుగులేని వాదన. కట్నం ఇచ్చిపుచ్చుకోవడాన్ని చట్టం 1961లోనే నిషేధించింది. చట్టం కాదన్న కట్నాన్ని, చట్టం ఇచ్చిన వాటాకు చెల్లింపుగా చూపడం ఎంతమాత్రం చెల్లదు. పైగా కట్నం ఆమె చేతిలో నిలవదు, అత్తింటి పద్దులో కలిసిపోతుంది. సారెగా వచ్చిన సామాను ఆమెదే అయినా బిందెలు, మంచాలు ఏటికేడు పంట పండించవు, బ్యాంకులో పంట రుణం తెచ్చిపెట్టవు. ఏటా ఆరువేల రూపాయలు ఇచ్చే పీఎం కిసాన్ పథకానికి సైతం భూమి పత్రమే ప్రాతిపదిక. గ్రామాల్లో పనిచేసే మహిళల్లో సుమారు నాలుగింట మూడు వంతులమంది సేద్యం మీదే బతుకుతున్నారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం వారి పేరిట ఉన్న కమతాలు దాదాపు 14 శాతమే!

ఆడపిల్లలకూ పంచితే కమతాలు ముక్కచెక్కలవుతాయన్నది మరో అభ్యంతరం. 1970-71లో 2.28 హెక్టార్లున్న సగటు కమతం 2015-16నాటికి 1.08 హెక్టార్లకు కుంగిన మాట నిజం. అన్నదమ్ముల మధ్య పంపకాలకు అడ్డురాని ఈ ఆందోళన అక్కచెల్లెళ్ల వాటా దగ్గరే గుర్తుకు రావడం విడ్డూరం. హక్కు పంచడమంటే గట్లు వేయడమే కాదు. పొలాన్ని ఒకే చెక్కగా ఉంచి, అందరి పేర్లూ పట్టాలో చేర్చి, సాగుచేసే సోదరుడు మిగిలినవారికి కౌలు చెల్లించవచ్చు.

భూయజమాని మరణించగానే వారసులందరి పేర్లూ రెవెన్యూ రికార్డులో నమోదు చేయడం అధికారుల విధి కావాలి. హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేసేముందు, వదులుకుంటున్న భూమి విస్తీర్ణం, విలువ ఆమెకు విడిగా చదివి వినిపించాలి. పుట్టెడు దుఃఖంలో తీసుకున్న సంతకం చెల్లకుండా కొన్ని నెలల గడువు విధించాలి. ఇష్టపూర్వకంగా వాటా వదులుకునే స్వేచ్ఛ ఆమెకు ఉండాల్సిందే. అది స్వేచ్ఛ అనిపించుకోవాలంటే, కాదనే ధైర్యానికి చట్టంతోపాటు పుట్టిల్లూ చోటివ్వాలి. తండ్రి చితి ఆరకముందే కూతుర్ని పొలంగట్టు అవతలికి నెట్టే ఆనవాయితీ ఏ సంప్రదాయానికీ గౌరవం తేదు!