పన్నెండు డాలర్ల పాఠం

బీద దేశాలకు ఇచ్చే సాయానికి ధనిక దేశాలు కోత పెడుతున్నాయి. అమెరికా ప్రభుత్వం తరఫున విదేశాలకు సాయం అందించే యూఎస్‌ఎయిడ్ సంస్థ 2025 జూలై 1న మూతపడింది. జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న సాయాన్ని 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తామని బ్రిటన్ కూడా 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. పెద్దలే చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే, అక్కడి బళ్లలో పిల్లలకి "పరాయి దేశం పిల్లల్ని ఆదుకోండి" అని చెప్పడంలో అర్థముందా? వాళ్లు పోగేసే చిల్లరతో ఆ లోటు పూడుతుందా?

పూడదు. కానీ ఆ చిల్లర పోగేయడంలో పిల్లలు నేర్చుకునేది ఒకటుంది. అదేమిటో తెలియాలంటే 30 ఏళ్ల కిందటి సంగతి చెప్పుకోవాలి.

1994 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్ పక్కనున్న క్విన్సీ పట్టణానికి పాకిస్తాన్ కుర్రాడొకడు వచ్చాడు. పేరు ఇక్బాల్ మసీ. 4 ఏళ్లప్పుడే ఇంటివాళ్ల అప్పు కింద తివాచీలు నేసే మగ్గానికి తాకట్టుపడ్డాడు. 10 ఏళ్లకి బయటపడి, తనలాంటి పిల్లల విడుదల కోసం తిరిగాడు. మానవ హక్కుల అవార్డు అందుకోవడానికి బోస్టన్ వచ్చినవాడు, క్విన్సీలోని బ్రాడ్ మెడోస్ బడి పిల్లల మధ్య కూర్చుని తన కథ చెప్పాడు. అయిదు నెలలు తిరక్కుండానే, 1995 ఏప్రిల్ 16న, స్వదేశంలో అతన్ని కాల్చి చంపారు.

క్విన్సీ పిల్లలు ఏడ్చి ఊరుకోలేదు. ఇక్బాల్ పేరిట పాకిస్తాన్‌లో బడి కట్టించాలనుకున్నారు. తలా 12 డాలర్లు ఇమ్మని ఊరూరా బళ్లకు రాశారు. 12 డాలర్లే ఎందుకంటారా? అతని వయసు 12 అని చెప్పుకునేవారు. అతన్ని తాకట్టు పెట్టిన అప్పూ డాలర్లలో దాదాపు అంతే! లక్ష డాలర్లకు పైగా పోగయ్యాయి. కసూర్ ప్రాంతంలో బడి వచ్చింది.

ఆ పిల్లలని కదిలించింది గోడ మీది ఫొటో కాదు, తమ మధ్య కూర్చుని మాట్లాడిన తోటివాడు. అందుకే "పాపం" అనుకుని ఆగిపోలేదు. "ఎందుకిలా జరుగుతోంది?" అని అడిగారు. అప్పు, వెట్టి, తివాచీ వెనకున్న చిన్న చేతులు వాళ్లకి అర్థమయ్యాయి. ఆ ప్రశ్న లేకుండా చందా డబ్బా తిప్పితే పిల్లలకి అబ్బేది "మేం ఇచ్చేవాళ్లం, వాళ్లు పుచ్చుకునేవాళ్లు" అన్న గర్వమే.

ఇందులో తల్లిదండ్రుల పాత్రా ఉంది. 1998లో కెనడాలో ఒకటో తరగతి చదివే రయాన్ రెల్జాక్, ఆఫ్రికా పిల్లలకి మంచినీళ్లు లేవని టీచరు చెప్పగా విని, బావికి 70 డాలర్లు కావాలని ఇంట్లో అడిగాడు. వాళ్లు వెంటనే డబ్బు తీసి ఇవ్వలేదు. ఇంటిపనులు చేసి సంపాదించుకోమన్నారు. తీరా 70 కూడబెట్టాక, బావి తవ్వాలంటే 2,000 కావాలని తెలిసింది. అయితే ఇంకా పనిచేస్తానన్నాడు ఆ బుడతడు! 1999లో ఉగాండాలోని అంగోలో బడి దగ్గర నీళ్లు పడ్డాయి.

మనమేం చేస్తున్నాం? ఎక్కడో భూకంపం వచ్చిందని బడిలో చందా అడిగితే, పిల్లాడి చేతిలో నోటు పెట్టి పంపేస్తాం. ఆ దేశం పటంలో ఎక్కడుందో కూడా వాడికి చూపించం. అంతకంటే కష్టమైన మాట మరొకటుంది. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టకూడదని మన దేశంలో 2006లోనే నిషేధం వచ్చింది. అయినా మన పిల్లాడి ఈడు పిల్లే మన వంటింట్లో గిన్నెలు తోముతుంటే, వాడు దూరదేశానికిచ్చిన నోటు వాడికేం నేర్పుతుంది?

ఈసారి చందా చీటీ ఇంటికొస్తే ఓ పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. అక్కడి పిల్లలు ఏం తింటారు, బడికెలా వెళ్తారు, ఈ కష్టం ఎందుకొచ్చిందని అడగనివ్వండి. తన డబ్బులోంచే ఎంతో కొంత తియ్యనివ్వండి. "మరి మనింట్లో పనిచేసే పిల్ల బడికెందుకు వెళ్లదమ్మా?" అని అడిగితే మాత్రం కసురుకోకండి. వాడికి పాఠం వంటబట్టిందన్నమాట. ఇక నేర్చుకోవాల్సింది మనమే.